పసిబిడ్డల కడుపులోని గడ్డలు: వానిని గుర్తెరిగిన చరిత్ర

పసిబిడ్డ కడుపులో పెరుగు గడ్డను మొట్టమొదట కనిపెట్టునది వైద్యుడు కాడు; బిడ్డకు తలంటి నీళ్ళు పోయు స్త్రీ. పాశ్చాత్యుల వైద్యగ్రంథములలో సయితము మూత్రపిండపు గడ్డను గూర్చి చెప్పునపుడు, స్నానము చేయించునపుడో బట్టలు తొడుగునపుడో తల్లి చేతికి తగిలిన గట్టి ముద్దయే తొలి చిహ్నమని వ్రాయుదురు. రాజపాళయమునందలి తెలుగు ఇండ్లలో ఈ పని తరతరములుగా అవ్వలది. కాళ్ళు చాచి కూర్చుండి, కాళ్ళమీద బిడ్డను పరుండబెట్టి, నువ్వులనూనె కడుపుమీద గుండ్రముగా రాయు ఆ చేతికి తెలియని మార్పు బిడ్డ ఒంటిలో ఉండదు. అయినను ముద్ద తగులుట వేరు, అది యేమియో తెలిసికొనుట వేరు. ఆ తెలివి కలుగుటకు రెండువేల యేండ్లు పట్టినది. ఆ కథను, దానితో మన తెలుగువారికిని మన ప్రాంతమునకును గల సంబంధమును, నా యెరిగినంతవరకు ఈ సంచిక చదువరులకు విన్నవించుచున్నాను. నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాగా బ్రదుకు వెళ్ళబుచ్చినవాడను. కాగితములను భద్రపరచుటయు తేదీలను సరిచూచుటయు మాత్రమే నాకు అలవడిన విద్యలు.

ముందుగా పేళ్ళ సంగతి. మన ఊరిలో తెలుగు మాటలాడువారును గడ్డను అరవమువారివలె ‘కట్టి’ యనుటయే యెక్కువ. కడుపున ఎడమప్రక్క గట్టిగా తగులునది ‘బల్ల’. ప్లీహము పెరిగినచో చేతికి బల్లచెక్కవలె తగులుటచే ఆ పేరు వచ్చియుండును. మానని వ్రణమునకు ‘రాచపుండు’ అని పేరు. రాజుల పేర వెలసిన ఊరిలో పెరిగినందున కాబోలు, చిన్ననాట ఆ మాట విన్నపుడెల్ల అది గొప్ప యింటివారికి మాత్రమే వచ్చు జబ్బని తలచెడివాడను.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున ఊరకున్నవారు కారు. ఉదరరోగములు ఎనిమిదియని లెక్కించి, అందు ప్లీహోదరమును వేరుగా చెప్పిరి. గుల్మము హృదయము, నాభి, రెండు పార్శ్వములు, వస్తి యను ఐదు తావులలో పుట్టుననిరి. సుశ్రుతుడు అర్బుదమును వర్ణించుచు అది గుండ్రనిదనియు, కదలనిదనియు, లోతుగా వేరూనినదనియు, మెల్లగా పెరుగుననియు, చీముపట్టదనియు చెప్పెను. చేతితో తడవి చూచి ఇంతకంటె చెప్పగలవాడు నేటికిని అరుదు. కాని చేతికి అందునది కడుపుపై తోలే గాని, లోపలి అవయవము కాదు గదా. ఆ ముద్ద కాలేయమునుండి పుట్టినదా, మూత్రపిండమునుండి పుట్టినదా, ప్రేగులలోనిదా యని తేల్చుటకు చూపు కావలెను. ఆ చూపు వారికి లేకపోయెను.

మరియొక చిక్కు కలదు. ఉబ్బిన కడుపెల్ల గడ్డ కాదు. పడమటి కనుమల పాదమున నున్న ఊళ్ళలో పూర్వము చలిజ్వరము మెండు. పలుమారు చలిజ్వరము తగిలిన బిడ్డకు బల్ల పెరుగును. ఏలికపాములు ప్రేగులో ముద్దగా చుట్టుకొన్నను చేతికి గడ్డవలెనే తగులును. ప్రేగులకు క్షయ సోకిన బిడ్డ కడుపు మెత్తని పిండివలె ఉండును. నాలుగు దినములు విరేచనము కాని బిడ్డకు మలమే గట్టిపడి ఎడమప్రక్క నిలుచును. మూత్రము నిలిచిన బిడ్డకు వస్తి ఉబ్బి బొడ్డువరకు వచ్చును. అప్పుడే పుట్టిన శిశువు కడుపులో తగులు ముద్దలలో సగముకంటె ఎక్కువ మూత్రపిండమునకు సంబంధించినవే. వానిలో చాలవరకు మూత్రము వెళ్ళు దారి మూసికొనుటవలన ఉబ్బినవే గాని రాచపుండ్లు కావు.

వీనికంటె మన దక్షిణదేశపు తల్లులను భయపెట్టిన వ్యాధి ‘లివరు’. ఏడాది మొదలు మూడేండ్ల లోపు బిడ్డకు కాలేయము రాయివలె గట్టిపడి, కడుపు ఉబ్బి, కామెర్లు వచ్చి, తుదకు ప్రాణము పోయెడిది. ఒకే యింట వరుసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పోయిన కుటుంబములు కలవు. మదరాసునుండి వచ్చు జమ్మివారి లివరుమందు పేరు వినని మధ్యతరగతి ఇల్లు ఆ దినములలో లేదన్నను అతిశయోక్తి కాదు. అది జాతకదోషమనిరి, తల్లిపాల దోషమనిరి. 1980వ దశకమున పూనాలోని వైద్యులును ఆంగ్లవైద్యులును కలసి పరిశోధించి, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువయుంచిన పాలవెంట బిడ్డ కాలేయమునకు చేరిన రాగియే చాలవరకు కారణమని చెప్పిరి. స్టీలు గిన్నెలు వచ్చి, ఇత్తడి పాలచెంబు అటుకెక్కిన తరువాత ఆ వ్యాధియు క్రమముగా కనుమరుగైనది. కాని అంతవరకు, బిడ్డ కడుపు కుడిప్రక్క గట్టిగా ఉన్నచో ‘లివరు’, ఎడమప్రక్క ఉన్నచో ‘బల్ల’ అను రెండు మాటలతో ఇంటివారును, కొందరు వైద్యులును తృప్తిపడెడివారు. ఆ రెండు మాటల నడుమ నిజమైన గడ్డ దాగికొని పెరిగెడిది. బల్లకు వాతలు పెట్టువారు ఉండిరి. కాల్చిన పసుపుకొమ్ముతో కడుపుపై చుక్కలవలె కాల్చిన మచ్చలు గల పిల్లలను నేను నా బాల్యమున మా వీధిలోనే చూచియున్నాను.

ఐరోపాలోని స్థితియు మొదట ఇంతకంటె మేలు కాదు. 1814వ సంవత్సరమున రాన్సు అను ఆంగ్లవైద్యుడు పదునేడు మాసముల శిశువు మూత్రపిండములలోని గడ్డను వర్ణించెను. వర్ణింపగలిగినది ఆ శిశువు మరణించిన పిదపనే. 1877లో లీడ్సు నగరమున జెస్సపు అను శస్త్రవైద్యుడు రెండేండ్ల బాలుని గడ్డతోగూడిన మూత్రపిండమును తీసివేసి, బాలుడు శస్త్రచికిత్సను తట్టుకొనునట్లు చేసెను. బిడ్డ కడుపు తెరచి మరల మూయవచ్చునని ఆనాడు లోకమునకు తెలిసినది.

1899లో మాక్సు విల్ముసు అను జర్మను శస్త్రవైద్యుడు ఈ గడ్డలపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఈ గడ్డను కోసి సూక్ష్మదర్శినిక్రింద చూచినచో కండ, మృదులాస్థి, మూత్రనాళముల పోలికగల కణములు అన్నియు కలగాపులగముగా కనబడును. పెద్దల గడ్డలలో ఇట్లుండదు. తల్లి గర్భమున మూత్రపిండము రూపొందుచుండగా, పని ముగింపక వెనుకబడిన శైశవకణములే తరువాత గడ్డగా పెరుగుచున్నవని ఆయన గ్రహించెను. అనగా పసివారి గడ్డలు పెద్దలవానికి చిన్న రూపములు కావు. వాని పుట్టుకయే వేరు. ఈ మాట విలువను లోకము తెలిసికొనుటకు మరి యాబదియేండ్లు పట్టినది. నేటికిని ఆ గడ్డకు ‘విల్ముసు ట్యూమరు’ అని ఆయన పేరే కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఒక ఫ్రెంచి ఖైదీకి గొంతు శస్త్రము చేయబోయి, ఆతనినుండి గళసర్పి సోకి, 1918లో విల్ముసు మరణించెను. శత్రుదేశపు సైనికునికొరకు ప్రాణము పోగొట్టుకొన్న ఈ మనుష్యుని పేరు, ప్రపంచమున ఏ మూల ఏ బిడ్డకు ఈ జబ్బు వచ్చినను ఆ బిడ్డ కాగితముపై వ్రాయబడుచున్నది.

ఇంచుమించు అదే కాలమున రెండవ గడ్డయు తేలినది. మూత్రపిండముపైనుండు అడ్రినలు గ్రంథియందును, వెన్నెముక ప్రక్కనుండు నాడీతంతులందును పుట్టు గడ్డకు 1910లో అమెరికాలోని జేమ్సు హోమరు రైటు ‘న్యూరోబ్లాస్టోమా’ అని పేరు పెట్టెను. ఈ రెండును ఐదేండ్లలోపు బిడ్డలకే ఎక్కువగా వచ్చును. ఒకే తావున చేతికి తగులును. కాని గుణములు వేరు. విల్ముసు గడ్డ గల బిడ్డ తరచు ఆడుచు పాడుచు ఉండును. ముద్ద నునుపుగా, ఒక ప్రక్కకే ఉండును. ఒక్కొక్కప్పుడు మూత్రమున రక్తము పడును, రక్తపుపోటు పెరుగును. రెండవదాని బిడ్డ వాడి చిక్కి, ఎముకల నొప్పులతో నడువజాలక, ఒళ్ళు వెచ్చనై యుండును. ముద్ద ఎగుడుదిగుడుగా నడుమగీతను దాటి పోవును. కొందరికి కనులచుట్టు దెబ్బ తగిలినట్లు నల్లబడును. అనుభవముగల వైద్యుడు కడుపు ముట్టకమునుపే బిడ్డ మొగము చూచి సగము తెలిసికొనునని అందుకే యందురు. కంటిలో రంగుపొర పుట్టుకతోనే లేని బిడ్డలకును, దేహమున ఒక ప్రక్క రెండవ ప్రక్కకంటె పెద్దదైన బిడ్డలకును విల్ముసు గడ్డ వచ్చుట ఎక్కువయని 1964లో అమెరికాలో గణించి చూపిరి. కన్నునకును మూత్రపిండమునకును ఏమి చుట్టరికమని ఎవరును అడుగకమునుపే, రిజిస్టర్లు త్రిప్పి కేసులను ఎంచుటచేత తేలిన సత్యమిది. గుమాస్తా పనిని చులుకనగా చూచువారు దీనిని గమనింతురుగాక.

ఇక చూపు సంగతి. 1895లో రాంట్జెను ఎక్సు కిరణములను కనుగొనినపుడు ఎముకలు కనబడినవి గాని, కడుపులోని మెత్తని అవయవములు నీడలుగనే మిగిలెను. 1929లో బెర్లినునందు మోసెసు స్విక్కు అను యువవైద్యుడు, నరములోనికి ఎక్కించిన మందు మూత్రపిండములద్వారా వెళ్ళునపుడు ఎక్సురే తీసినచో ఆ మార్గమంతయు తెల్లగా కనబడునట్లు చేసెను. దీనితో ఒక మేలైన పరీక్ష వచ్చినది. గడ్డ మూత్రపిండములోనే పుట్టినచో లోపలి గిన్నెలు, నాళములు నలిగి వంకరపోవును. బయట పుట్టి త్రోసినచో మూత్రపిండము చెడక, ఉన్నది ఉన్నట్లే క్రిందికో ప్రక్కకో జరుగును. మన మదరాసులో బార్నార్డు రేడియాలజీ సంస్థ 1934లోనే వెలసినది. దక్షిణదేశపు రోగులకు ఎక్సురే విద్య అచ్చటినుండియే వ్యాపించెను.

రసాయనశాస్త్రమును ఊరకుండలేదు. న్యూరోబ్లాస్టోమా గల బిడ్డ మూత్రమున అడ్రినలిను జాతి పదార్థములు అధికముగా వెడలునని 1957 మొదలు తెలియసాగినది. ఒక పగలు, ఒక రాత్రి మూత్రమును సీసాలో పట్టి పరీక్షించినచో, కత్తి తగులకయే గడ్డ పేరు తెలియుటకు అవకాశము కలిగెను. 1963లో మాస్కోలో అబెలెవు ఎలుకలయందును, 1964లో టాటారినోవు మానవులయందును, కాలేయపు గడ్డవలన గర్భస్థశిశువునందుండు ఒక మాంసకృత్తు మరల రక్తమున కనబడునని చూపిరి. బిడ్డల కాలేయపు గడ్డను పసిగట్టుటకు నేటికిని అదియే ముఖ్యపరీక్ష. అయితే నెలల బిడ్డకు ఆ పదార్థము సహజముగనే ఎక్కువగా ఉండును. వయస్సు చూడక అంకె మాత్రము చూచి భయపడరాదు. ఆఫ్రికాలోని యుగాండాలో డెనిసు బర్కిట్టు 1958లో వర్ణించిన గడ్డయు దవడలతోపాటు పిల్లల కడుపులలోను పెరుగునదే. రోజులలో రెట్టింపగు ఆ గడ్డ మందులకు అంత త్వరగానే కరగును.

నా దృష్టిలో అన్నిటికంటె చిత్రమైనది శబ్దముతో చూచిన కథ. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇయాను డొనాల్డు అను ప్రసూతివైద్యుడుండెను. ఆయన యుద్ధకాలమున వైమానికదళములో పనిచేసి, అచ్చటి రేడారు యంత్రములను చూచినవాడు. ఆ నగరము ఓడలకును బాయిలర్లకును ప్రసిద్ధి. బాయిలరు రేకులలో కంటికి కనబడని పగుళ్ళను వెదకుటకు ఒక కర్మాగారమున చెవికి వినబడని శబ్దమును వాడుచుండిరి. 1955 జూలైలో డొనాల్డు తాను శస్త్రము చేసి తీసిన గడ్డలను మోటారుబండ్ల వెనుకపెట్టెలో వేసికొని ఆ కర్మాగారమునకు పోయెను. ఇనుపరేకునకు పట్టు యంత్రమును గడ్డలకు పట్టిచూడగా, నీటిగడ్డ ఒక విధముగను గట్టిగడ్డ వేరొక విధముగను ప్రతిధ్వనించెను. 1958 జూనులో ఆయనయు సహచరులును లాన్సెటు పత్రికలో ప్రకటించిన వ్యాసము గర్భిణులను గూర్చి మాత్రమే కాదు. కడుపులోని గడ్డలను శబ్దముచే పరిశోధించుటయే దాని పేరు. కడుపు పుండుతో ఇక బ్రదుకదని విడిచిన ఒక స్త్రీకి ఉన్నది తీసివేయదగిన నీటితిత్తియేయని ఈ యంత్రము చూపినది. మిల్లులలో పనిచేసిన మనవారికి ఈ కథ వెంటనే అర్థమగును; చేతితో తట్టి, శబ్దము విని యంత్రపు లోపము చెప్పు మేస్త్రీలను మనము ఎరుగుదుము. నొప్పి లేక, కిరణముల హాని లేక, తల్లి ఒడిలోనే చేయదగిన ఈ పరీక్షవలన అధికలాభము పొందినవారు పసిబిడ్డలే.

దానివెంట 1971లో లండనునందు హౌన్సుఫీల్డు తయారుచేసిన సీటీ స్కాను వచ్చెను. ఆయన పనిచేసిన ఈ.ఎం.ఐ. సంస్థ మన యిండ్లలో గ్రామఫోను రికార్డులద్వారా తెలిసినదే. కుక్కలకు పేరుబడిన ఊరివాడను గనుక ఆ రికార్డులమీది కుక్కబొమ్మను మరువజాలను. 1979లో హౌన్సుఫీల్డునకు నోబెలు బహుమానము వచ్చెను.

గడ్డను చూచుట తెలిసినంతమాత్రమున బిడ్డ బ్రదుకదు. బోస్టను నగరమున విలియము లాడ్డు, ఆయన శిష్యుడు రాబర్టు గ్రాసు పిల్లల శస్త్రవైద్యమును వేరు శాస్త్రముగా నిలిపిరి. లాడ్డు చేతిలో విల్ముసు గడ్డ గల బిడ్డలు 1930వ దశకమున మువ్వురిలో ఒకరు దక్కిరి. గడ్డను పదిమంది పదిమారులు ఒత్తి చూచినచో అది పగులుననియు, కణములు రక్తమున కలియుననియు భయపడి, మంచమునకు ‘కడుపు తడవరాదు’ అని పలక వ్రేలాడగట్టు ఆచారము వచ్చినది. మన ఆసుపత్రులలో, రోగిని చూడవచ్చిన చుట్టములు సయితము ఒకమారు తడవి చూచి పెదవి విరుచుట కలదు. ఈ పలక మనకే ఎక్కువ అవసరము.

ఇచ్చట మన తెలుగువారి పేరు చెప్పవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవమారు గాని గెలువలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. కాక తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే పొందిరి. సోదరులను స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకొనెను. తామును దానిచే బాధపడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. 1923లో అమెరికాకు వెళ్ళి, హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరిరి. స్ప్రూ వ్యాధికి పనికివచ్చు ఫోలికామ్లమును వెదకుచు, దానికి ప్రతికూలమైన అమినోప్టెరినును, తరువాత మెథోట్రెక్సేటును వారి బృందము తయారుచేసెను. ఆ అమినోప్టెరినునే బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బరు రక్తపు రాచపుండు గల పిల్లలకు ఇచ్చి, పదునారుగురిలో పదిమందికి తాత్కాలికముగా గుణమైనట్లు 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఏ మందును చేయజాలని పని అది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి.

రక్తపు జబ్బునకును కడుపులోని గడ్డకును ఏమి సంబంధమని అడుగుదురేమో. మందుచేత పసివారి రాచపుండును అణచవచ్చునను ధైర్యము ఫార్బరునకు ఆ తెలుగువాని మందువలన కలిగినది. ఆ ధైర్యముతోనే ఆయన 1950వ దశకమున వాక్సుమను పరిశోధనశాలనుండి వచ్చిన ఆక్టినోమైసిను డి అను మందును విల్ముసు గడ్డకు ప్రయోగించెను. ఊపిరితిత్తులకు ప్రాకిన గడ్డలు సయితము కరగుట చూచెను. రెండవ మందు విన్‌క్రిస్టిను, 1960వ దశకమున వచ్చినది. అది బిళ్ళగన్నేరునుండి తీయబడును. అరవమువారు నిత్యకల్యాణి యను ఆ చెట్టును మన విరుదునగరు జిల్లాలోను, ఇరుగుపొరుగు జిల్లాలలోను వానకు ఆధారపడిన మెట్టచేలలో పంటగా వేయుదురు. సమాధులయొద్దను పెరటిగోడలవెంటను పూయు ఆ గులాబిరంగు పువ్వు చెట్టున ఇంత బలమున్నదని మన పెద్దలు ఎరుగరు. శస్త్రము, ఈ రెండు మందులు, అవసరమైనచోట కిరణములు కలసి, మంచి వసతులున్న దేశములలో విల్ముసు గడ్డ గల బిడ్డలు నేడు పదిమందిలో తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు. న్యూరోబ్లాస్టోమా ప్రాకిన తరువాత పట్టుబడినచో మాత్రము నేటికిని కఠినమే.

మన రాష్ట్రమున ఈ విద్యకు నెలవైనది అడయారు కాన్సరు సంస్థ. డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు తమ చెల్లెలు 1923లో రాచపుండుచే మరణింపగా పట్టిన పట్టు అది. ముప్పదియేండ్లు అడిగినవారిని అడిగి, 1952లో నెహ్రూగారిచే శంకుస్థాపన చేయించి, 1954 జూనులో పండ్రెండు మంచములతో ఆసుపత్రి తెరచిరి. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తియు, 1955లో చేరిన డాక్టరు శాంతయు దానిని పెంచిరి. 1960లోనే పిల్లలకొరకు వేరుగా విభాగము పెట్టుట వారి దూరదృష్టికి తార్కాణము. దేశమున అట్టిది అదియే మొదటిదందురు. శాంతగారు ఆ ఆవరణలోనే నివసించి, 2021 జనవరిలో మరణించువరకు ఆ పనియే చేసిరి.

1980వ దశకపు చివర మాతో పనిచేసిన ఒకరి కుమారునికి మూడేండ్లు. అవ్వ తలంటుచు ఎడమప్రక్కన ముద్దను పట్టుకొనెను. బల్లయనిరి. ఊరి వైద్యుడొకడు పాములమందిచ్చి పంపెను. మూడు వారములు గడచెను. అవ్వ మాత్రము ఒప్పుకొనలేదు: “బల్లయితే జ్వరము రావలె, వీనికి జ్వరమెక్కడ? దీనిని నేను ఎరుగను, ఎరిగినవారికి చూపుము” అని కుమారుని నిలదీసినది. మదురలో స్కాను తీయగా మూత్రపిండపు గడ్డ. మదరాసునకు పోవలసి వచ్చెను. రైలులో రాచపుండు రోగులకు గల రాయితీ ఫారమును నేనే నింపితిని. రోగము పేరు వ్రాయు గడిలో డాక్టరు వ్రాసినదానిని అక్షరమక్షరము చూచి దింపితిని. తండ్రి నా భుజముమీదుగా చూచుచు, “అది చదువవద్దు, వ్రాయుము చాలును” అనెను. బాలుడు బ్రదికినాడు, నేడు ఇద్దరు పిల్లల తండ్రి. అంతకు నాలుగేండ్ల క్రితము మా వెనుకవీధిలో అట్టి ముద్దయే గల ఆడుబిడ్డ, కడుపున వాతల మచ్చలతో, ఊపిరి ఆడని స్థితిలో మదురకు చేరి, వారములోపల మరణించెను. ఇద్దరి జబ్బు ఒకటే యగునో కాదో చెప్పుటకు ఆధారము లేదు. ఆ బిడ్డకు పరీక్షయే జరుగలేదు.

నేడు వైద్యులు అనుసరించు క్రమము తెలిసికొనదగినది. మొదట వయస్సు, ముద్ద ఎప్పుడు కనబడినది, జ్వరము, మూత్రమున రక్తము, బరువు తగ్గుట విచారింతురు. రక్తపుపోటు చిన్న పట్టీతో కొలుతురు; పెద్దల పట్టీతో కొలిచిన అంకె పనికిరాదు. పిదప శబ్దపరీక్ష. గడ్డయని తోచినచో సీటీ గాని, ఎం.ఆర్.ఐ. గాని తీసి, రెండవ మూత్రపిండము, పెద్ద రక్తనాళములు, ఊపిరితిత్తులు చూతురు. రక్తమూత్రపరీక్షలు దానితోనే. ముక్క తీయుట విషయమున మాత్రము పెద్దల మధ్యనే అభిప్రాయభేదము కలదు. అమెరికావారు విల్ముసు గడ్డయని గట్టిగా తోచినచో సూది గ్రుచ్చక, ముందుగనే మొత్తము తీసివేయుదురు. గ్రుచ్చినచో కణములు చిందునని వారి భయము. ఐరోపావారు ముందు కొన్ని వారములు మందిచ్చి, గడ్డను కుదించి, పిమ్మట కోయుదురు. ఇరువురి ఫలితములును ఇంచుమించు సమానమే. ఆలస్యముగా, పెద్ద గడ్డలతో వచ్చు మన బిడ్డలకు రెండవ పద్ధతియే తరచు అనుకూలమని నాకు తోచును. అయినను నిర్ణయము వైద్యునిదే.

మన ఊరినుండి నేడు దారులు పెక్కు కలవు. మదురలో పూర్వము ఎర్‌స్కిన్ పేరనుండిన రాజాజీ ఆసుపత్రి, కనుమ దాటినచో 1981లో ఏర్పడిన తిరువనంతపురము ప్రాంతీయ కాన్సరు కేంద్రము, సాయంకాలము రైలెక్కినచో తెల్లవారుసరికి చెన్నపట్నము. ప్రభుత్వ ఆరోగ్యబీమాయు పేదలకు కలదు. మనవారు తరచు ఒకచోట మొదలుపెట్టి వేరొకచోటికి పోవుదురు గనుక, గుమాస్తాగా ఒక్క విషయము వ్రాసి ముగించెదను. మొదటి ఆసుపత్రిలో తీసిన గడ్డముక్కను మైనపు దిమ్మలో పోసి దాచియుంచుదురు, గాజుపలకలును ఉండును. రిపోర్టు నకలుతోపాటు ఆ దిమ్మను, పలకలను అడిగి వ్రాతమూలముగా పుచ్చుకొని, స్కాను ఫిలుములను మడవక, ఎండ తగులనీయక, బిడ్డ పేరు, తేదీ వ్రాసిన అట్టపెట్టెలో వెంట తీసికొనిపోవలెను. రెండవచోటివారు మొదట అడుగునది అదియే.